కాలికి తగిన చెప్పు



యెద్దు కుంటితే ఆ పూటే కాడి దించుతాం. లాడం వూడితే మళ్ళీ కొట్టించేదాకా బండికి కట్టం. మన కాలు నొస్తే మాత్రం "అదే పోతుందిలే" అని యేళ్ళకు యేళ్ళు యీడుస్తాం. అగళి ప్రాంతంలో వక్కతోటల్లో, వేరుసెనగ చేలల్లో పొద్దంతా వట్టికాళ్ళతో తిరిగేవారికి యీ మాట చెప్పాలి.

పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో సూది గుచ్చినట్లు వుంటుంది కొందరికి. నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. పొద్దు వాలేసరికి మళ్ళీ మొదలు. మడమ యెముకనుంచి వేళ్ళదాకా అరికాలి కింద ఒక గట్టి నారపట్టీ వుంది. అది మాటిమాటికీ సాగి దెబ్బతిన్నందువల్ల వచ్చే నొప్పి యిది. మడమ కింద మెత్తని అట్ట, అరికాలి గుంట కింద చిన్న ఆసరా పెట్టించుకుని, రోజూ పిక్క కండను మెల్లగా సాగదీస్తూ వుంటే చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది.

పాదాల వైద్యుడు చేసే పనిలో మంత్రం యేమీ లేదు. బురదలో నేరుగా కాలు వేస్తే దిగబడుతుంది. పలక వేసి నడిస్తే దిగబడదు. బరువు అదే, ఆనే చోటు పెరిగింది. కాలికి అచ్చు తీసి చేసిన అట్ట కూడా అంతే. ఒక్కచోట పడే బరువును పాదమంతా పంచుతుంది. వేళ్ళ మొదట్లో నొప్పి వుంటే మెత్తని దిండును నొప్పివున్న యెముక కింద పెట్టరు. దానికి కొంచెం వెనుకగా పెడతారు. అప్పుడు ఆ యెముకమీద భారం తగ్గుతుంది.

మీ పాదం తీరు మీరే చూసుకోవచ్చు. తడికాలితో కళ్ళంలో అడుగు వేయండి. అరికాలు మొత్తం ముద్రపడితే గుంట తక్కువ. మడమా ముందుభాగమే పడితే గుంట యెక్కువ. నొప్పి లేకపోతే రెండింటికీ మందు అక్కరలేదు.

అసలు భయపడవలసింది నొప్పి తెలియని కాలికి. నొప్పి చేనికి కావలివాడివంటిది. చక్కెరజబ్బు ముదిరినా, కుష్ఠువల్ల నరం దెబ్బతిన్నా ఆ కావలివాడు వుండడు. ముల్లు దిగినా తెలియదు, పుండయినా నడక ఆగదు.

డాక్టర్ పాల్ బ్రాండ్ అనే శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠురోగుల పాదాలు జబ్బు తినివేయడంవల్ల పోతున్నాయని అప్పట్లో అనుకునేవారు. మొద్దుబారిన కాలిమీద ఒకేచోట మళ్ళీమళ్ళీ పడే వొత్తిడే పుండుకు ముఖ్యకారణమని ఆయన చూపారు. పుండున్న కాలికి ప్లాస్టరుకట్టు వేసి భారం పంచితే మానింది. మానిన కాలికి తగిన చెప్పు కావలసివచ్చింది. వేలూరు, కరిగిరి కేంద్రాలలో జరిగిన కృషినుంచి సన్నని గాలిగదులు నిండిన మెత్తని రబ్బరు అట్ట వాడుకలోకి వచ్చింది. ఎమ్.సి.ఆర్. చెప్పులంటే అవే. పైన మెత్తన, ముల్లు దిగకుండా అడుగున గట్టి అట్ట, కాలు జారకుండా వెనుక పట్టీ. మేకులు కొట్టకూడదు; అంటించాలి, కుట్టాలి.

జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద అవసరమైనవారికి వీటిని ఉచితంగా యిస్తారు. చెప్పును చూసి జబ్బును గుర్తుపడతారని వేసుకోనివారు వున్నారు. మామూలు చెప్పుల తీరులోనే కుట్టించుకోవచ్చు. చక్కెరజబ్బువారూ యిటువంటివే వాడతారు. సిగ్గుపడి కాలు పోగొట్టుకోవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మాట. చక్కెరజబ్బు వున్న రైతును కళ్ళు మూసుకోమనండి. రెండు పాదాల బొటనవేలు, నడిమివేలు, చిటికెనవేలు కొసలను మీ వ్రేలితో మెల్లగా ముట్టండి; నొక్కవద్దు. ఆరింటిలో రెండుచోట్లయినా తెలియలేదంటే ఆసుపత్రికి పంపండి. వొంటిమీద స్పర్శలేని పాలిపోయిన మచ్చ వుంటే ప్రాథమిక ఆరోగ్యకేంద్రానికి పంపండి. కుష్ఠుకు అక్కడ ఉచితంగా మందులున్నాయి. సాధారణంగా 6 నెలలో, 12 నెలలో వాడితే జబ్బు నయమవుతుంది. కాని పోయిన స్పర్శ అన్నిసార్లూ తిరిగిరాదు. అందుకే ఆలస్యం పనికిరాదు.

మొద్దుబారిన కాలున్నవారు యివి మరువకండి. వట్టికాళ్ళతో చేలో దిగవద్దు. తొడిగేముందు చెప్పును దులిపి, లోపల చేత్తో తడమండి. కొత్త చెప్పును మొదట రోజుకు గంటో రెండు గంటలో మాత్రమే వేసుకోండి. రాత్రి దీపం దగ్గర అరికాలు చూసుకోండి. కనబడకపోతే యింట్లోవారిని చూడమనండి. ఆనెకాయను బ్లేడుతో కోయవద్దు, చలికి కాళ్ళను నిప్పులదగ్గర కాచవద్దు. యెర్రబడినా, పొక్కినా ఆ కాలిమీద నడక ఆపి మరునాడే మడకశిరకో, హిందూపురానికో వెళ్ళి వైద్యునికి చూపండి.

మడి ఒక పంట తప్పినా మరుకారుకు పండుతుంది. తీసివేసిన కాలు మళ్ళీ రాదు. చెప్పు కొనేటప్పుడు దాని అందంతోపాటు మీ పాదాన్నీ చూసుకోండి. సెలవు.