ఎండుచేప వాసనకు సిగ్గెందుకు?

(విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర సభలో చేసిన ప్రసంగ పాఠం)



పర్యావరణానికి చేటు చెయ్యని తిండి తినాలని ఇప్పుడు పెద్దోళ్ళు చెబుతున్నారు. మనం తరతరాలుగా తిన్నదేమిటి? చోడి అంబలి, ఎండు నెత్తళ్ళు. చోళ్ళకి వరి తాగినన్ని నీళ్ళు అక్కర్లేదు. చేప ఎండటానికి ఉప్పూ ఎండా చాలు, ఐసూ కరెంటూ అక్కర్లేదు. అయినా బడిలో మా క్యారేజీ మూత తీస్తే పక్కోళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. మూత పెట్టేసి ఆకలితో కూర్చునేవాళ్ళం. ఇవాళ మేం చదువు చెప్పే పిల్లలూ ఆ మూతే పెడుతున్నారు.

పెద్ద రొయ్య విదేశాలకి పోతోంది. చిన్న చేపేమో ఎంతో భాగం పొడై, చెరువు రొయ్యకి మేతవుతోంది. మన కంచంలో చేప రొయ్య నోట్లోకి పోతే, ఎండబెట్టి అమ్ముకునే అక్కల తట్ట ఖాళీయే కదా?

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలమది. చేప దొరకని రోజులకి ముందే ఎండబెట్టి కుండలో దాచడం మన అమ్మలకి తెలిసిన విద్యే.

కాబట్టి మూడు మాటలు. నిషేధంలో దొంగచాటుగా పట్టిన చేపా, ఎదగని వంజరం పిల్లా కొనొద్దు. నెత్తళ్ళు, కవ్వళ్ళు కొందాం. చేపలు ఎండబెట్టుకోను శుభ్రమైన గచ్చులూ, మంచినీళ్ళూ ఇమ్మని సర్కారుని నిలదీద్దాం. మన పిల్లల్ని క్యారేజీ మూత తియ్యమందాం. సిగ్గుపడాల్సింది మనం కాదు, ముక్కు మూసుకున్నోళ్ళు!