వసంతం కథల పూట

(మన సంఘం ఉగాది సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 33 సంవత్సరాలు గుమాస్తాగిరి చేసినవాణ్ణి. నోటు రాయమంటే రాస్తాను గాని, మాట్లాడమంటే నోరు పెగలదు. అయినా మా కొండపాకలో చిన్నపిల్లలకు కథలు చెబుతున్న సంగతి వివరించమని అధ్యక్షుల వారు ఆదేశించారు. ఆదేశం పాటించడం మనకు అలవాటే గదా!

ఈ ఆలోచన అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఉన్నప్పుడు పుట్టింది. మనుమరాలిని గ్రంథాలయానికి తీసుకుపోయాను. బడి ఈడు రాని పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకొని, వసంతం వచ్చిందని అరగంటసేపు కథలు చెప్పారు. 1969లో ఎరిక్ కార్ల్ గారు వేసిన ఆకలి గొంగళిపురుగు పుస్తకం చదివారు. పురుగు తిన్నచోటల్లా పేజీకి రంధ్రం. పిల్లలు అందులో వేలు పెట్టి మురిసిపోతున్నారు. మనం 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్నవాళ్ళం. పుస్తకం కోసం అంత పాటుపడిన గడ్డ మీద, పలక పట్టని పసివాడికి గ్రంథాలయంలో చోటేదీ అనిపించింది.

ఊరికి రాగానే పుస్తకాల గదిలో పిల్లలను పోగు చేశాను. ఆఫీసు పద్ధతిలో పది అంశాల ఎజెండా రాసుకున్నాను. ఆరు ఋతువులు, పన్నెండు మాసాలు, అరవై సంవత్సరాల పేర్లు! పావుగంటలో సగం మంది మంచినీళ్ళ కుండ దగ్గరికి పోయారు. ఒక పాప నిద్రపోయింది. ఇంకొకడు లేచి "తాతా, కథ ఎప్పుడు చెప్తవు?" అన్నాడు. ఇంటికొచ్చి ఫైలు మూసేశాను.

అయిదో తరగతి దాటని మా ఇంటావిడ నవ్వి, "పిల్లలకు ఋతువు పేరెందుకు? చేతిల చిగురు పెట్టుండ్రి" అన్నది. అదే నాకు అసలైన జీ.ఓ. అయింది.

రెండోసారి పొద్దున ఎండ ముదరకముందే మొదలుపెట్టాను. అరగంటకు మించనివ్వలేదు. మామిడి చిగురు, వేపపువ్వు, మోదుగుపూలు పళ్ళెంలో పెట్టి తలా ఒకటి ఇచ్చాను. మోదుగుపూలు నీళ్ళలో నానవేస్తే రంగు దిగడం చూసి, కామునిపున్నమికి మేమూ ఆ రంగే చల్లుకున్నామంటే నమ్మలేదు. వేపపువ్వు నాలుక మీద పెట్టుకొని అందరూ మొహాలు చిట్లించారు. ఆ నవ్వుల మధ్య కోకిల కథ ఎత్తుకున్నాను. కోకిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది, కాకి తన పిల్లే అనుకొని మేపుతుంది. కూ అని గొంతెత్తేది నల్లగా ఉండే మగపక్షి, ఆడది గోధుమరంగు చుక్కలది, ఇవన్నీ చెప్పాను.

అప్పటిదాకా మాట్లాడని ఒక పిల్లవాడు, "తాతా, మరి వాళ్ళమ్మ ఎప్పుడొస్తది?" అని అడిగాడు.

వాడి తల్లి బతుకుదెరువుకు గల్ఫ్‌కు పోయింది. నానమ్మ పెంచుతున్నది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసీ కథ ఎంచుకునేటప్పుడు గుర్తుకు రాలేదు. ఎన్ని ఉత్తరాలకు జవాబు డ్రాఫ్టు రాశానో గాని, ఆ ప్రశ్నకు నోట మాట రాలేదు. గడపలో కూర్చున్న నానమ్మ లేచి వచ్చి వాణ్ణి ఒళ్ళోకి తీసుకున్నది. మిత్రులారా, నా అనుభవం మీకు పనికొస్తుందని ఈ మాట దాచకుండా చెబుతున్నాను. కథ ఎంచుకునే ముందు, ఎదురుగా కూర్చునేదెవరో తలచుకోవాలి.

వాడు ఇక రాడనుకున్నాను. మరుసటి వారం కరివేపాకు రెమ్మ పట్టుకొని వచ్చాడు. దాని మీద పచ్చని గొంగళిపురుగు! నిమ్మచెట్టు, కరివేపచెట్టు మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక ఒకటుంది. దాని పిల్ల మొదట్లో పిట్టరెట్టలాగా కనబడుతుంది, పెరిగాక ఆకుపచ్చగా మారుతుంది. గాజు సీసాలో రెమ్మ పెట్టి, మూతికి పలుచని బట్ట కట్టాం. రోజూ లేత ఆకు తెచ్చే డ్యూటీ వాడిదే. పురుగు గూడు కట్టుకొని వేలాడింది. కొన్నాళ్ళకు సీతాకోకచిలుక బయటికొచ్చింది. రెక్కలు ఆరేదాకా పిల్లలంతా ఊపిరి బిగబట్టి చూశారు. బట్ట విప్పింది వాడే. ఆ సాయంత్రం ఫోనులో వాళ్ళమ్మకు ఆ పురుగు కథంతా తానే చెప్పాడట. నానమ్మ వచ్చి ఈ మాట చెప్పి పోయింది.

ఖర్చేమీ లేదు. చాప, రెండు మూడు బొమ్మల పుస్తకాలు, పెరట్లో దొరికే ఆకు, పువ్వు. ఒక కథ చదవడం, ఒక కథ నోటితో చెప్పడం, చివరకు చేతిపని. మామిడాకులు దారానికి గుచ్చి తోరణం కట్టిస్తే చాలు, ఇంటికి ఎగురుకుంటూ పోతారు. మన సభ్యులు ఎవరి ఊళ్ళో వారు నెలకు ఒక పూట ఇవ్వాలని నా మనవి.

ఏటేటా మనం బతికే ఉన్నామని సర్కారుకు కాగితం ఇచ్చుకుంటాం. మా గదిలో మాత్రం నేను తలుపు తీయకముందే పిల్లలు గుమ్మంలో కూర్చొని "తాతా, ఈరోజేం తెచ్చినవు?" అంటారు. నాకు ఆ సర్టిఫికెట్ చాలు.