దిగేటప్పుడు లెక్క ఒప్పజెప్పాలి



వృత్తి మండళ్ల సభ్యుల పదవీకాలం మీద మాట్లాడుకోవడానికి కోసిగి దాకా ఎందుకని కొందరు మిత్రులు అడిగారు. మెడికల్ కౌన్సిల్ విజయవాడలో ఉంది, దాని పైది ఢిల్లీలో ఉంది. నిజమే. ఆ ఆఫీసులు ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరును నమ్మి నాడి చూపించుకునేది మాత్రం ఇక్కడివాళ్లు. చేను పనులు అయిపోగానే కోసిగి, కౌతాళం, మంత్రాలయం మండలాల పల్లెల్లో ఇళ్లకు తాళాలు పడతాయి. జనం సుగ్గికి, అంటే వలస కూలికి, పోతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, తెలంగాణ పత్తి చేలకు కొందరు, బెంగళూరు కట్టడాల పనికి కొందరు. పోయినచోట బిడ్డకు జ్వరమొస్తే వాళ్లకు ఊరు తెలియదు, డాక్టరు తెలియడు. బోర్డు మీద పేరు కింద ఉన్న నాలుగు అక్షరాలే ఆధారం. ఆ అక్షరాలకు పూచీ పడింది ఒక మండలి. తప్పు చేసినవాడి పేరు పట్టికలోంచి కొట్టేయగలిగేదీ ఆ మండలే. అక్కడ కూర్చున్నవాళ్లు ఎన్నేళ్లు కూర్చుంటారు, ఎవరికి జవాబు చెబుతారు అన్నది అందుకే సుగ్గి కూలీ అడగవలసిన ప్రశ్న.

ఈ ప్రాంతంలో డాక్టర్ల పట్టిక 1914 నాటి మద్రాసు మెడికల్ రిజిస్ట్రేషన్ చట్టంతో మొదలైంది. అప్పుడు కోసిగి బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరులతో పాటు కర్నూలు జిల్లాలోకి వచ్చింది. జిల్లాలు మారాయి, రాష్ట్రాలు మారాయి. వృత్తిలో ఉన్నవాళ్లే తమవాళ్ల మీద తీర్పు చెప్పే పద్ధతి మాత్రం మారలేదు. అందులో తప్పు లేదు. శస్త్రచికిత్సలో జరిగిన పొరపాటును గుర్తుపట్టేది మరో సర్జనే. చిక్కు వచ్చేది ఆ సర్జన్ కుర్చీ దిగనప్పుడు.

1956 భారత వైద్య మండలి చట్టాన్ని చూడండి. సభ్యుడి పదవీకాలం అయిదేళ్లు, లేదా అతని స్థానంలో మరొకరు ఎన్నికయ్యే దాకా, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. ‘ఏది ఎక్కువైతే అది’ అన్న ఆ మూడు మాటలే అయిదేళ్ల గీతను చెరిపేశాయి. ఎన్నిక జరగకపోతే పాతవాడే సభ్యుడు. ఎన్నిక జరిగినా మళ్లీ నిలబడవచ్చు, ఎన్నిసార్లయినా నిలబడవచ్చు. దాని ఫలితం దేశం చూసింది. ఆ మండలి అధ్యక్షుడు కేతన్ దేశాయ్‌ని అధికార దుర్వినియోగం కారణంగా 2001 నవంబరులో ఢిల్లీ హైకోర్టు పదవి నుంచి తప్పించింది. 2009లో ఆయన మళ్లీ అదే కుర్చీలో ఉన్నారు. 2010 ఏప్రిల్‌లో పంజాబులోని ఒక మెడికల్ కాలేజీ అనుమతికి లంచం అడిగారన్న ఆరోపణపై సీబీఐ అరెస్టు చేసింది. మే నెలలో కేంద్రం ఆర్డినెన్సు తెచ్చి మండలినే రద్దు చేసింది. కేసులు కోర్టులో ఎటు తేలాయన్నది నేను ఎత్తుకున్న ప్రశ్న కాదు. హైకోర్టు దించిన మనిషి ఎనిమిదేళ్లలో తిరిగి అదే పీఠం ఎక్కడానికి అడ్డు చెప్పే వాక్యం ఒక్కటీ ఆ చట్టంలో లేకపోయింది. నాకు బాధ కలిగించేది అది.

ఆ వాక్యం 2019లో వచ్చింది. పాత చట్టం స్థానంలో వచ్చిన జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం అధ్యక్షుడికి, సభ్యులకు నాలుగేళ్లకు మించి గడువు లేదు. పొడిగింపు లేదు, రెండోసారి నియామకం లేదు, డెబ్బై ఏళ్లు దాటితే కుర్చీ లేదు. చేరేటప్పుడూ దిగేటప్పుడూ ఆస్తులు, అప్పులు ప్రకటించాలి. పదవిలో ఉండగా ఏ ప్రైవేటు వైద్య సంస్థ వ్యవహారం చూశారో ఆ సంస్థలో రెండేళ్ల దాకా ఉద్యోగానికి చేరకూడదు. చదివి సంతోషించాను. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. 2025లో కాలేజీల తనిఖీల చుట్టూ లంచాలు నడిచాయంటూ సీబీఐ మళ్లీ కేసు నమోదు చేయవలసి వచ్చింది. అందులో మన రెండు రాష్ట్రాల కాలేజీల పేర్లూ వినబడ్డాయి. గడువు పెట్టినంత మాత్రాన నడత మారదు.

పైగా కొత్త చట్టం రోగి చేతిలో ఉన్న ఒక హక్కును వదిలేసింది. 2002 నాటి డాక్టర్ల నడవడి నిబంధనల ప్రకారం రాష్ట్ర కౌన్సిల్ ఒక ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలి, ఆ తీర్పుతో నష్టపోయిన వారెవరైనా పై మండలికి అప్పీలు చేసుకోవచ్చు. 2019 చట్టం 30వ సెక్షన్ ఆ అప్పీలును డాక్టరుకు మాత్రమే రాసింది. రోగి ఊసు లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి పై మెట్టు లేకుండా పోయింది. ఈ ఒక్క అన్యాయం సరిదిద్దడానికి ఒక చిన్న సవరణ చాలు.

మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మా దగ్గరి బంధువుకు జరిగిన వైద్యం మీద ఒక మండలికి రాశాం. రెండేళ్ల తర్వాత ‘పరిశీలనలో ఉంది’ అని ఒక్క వరుస జవాబు వచ్చింది. ఆరా తీస్తే, మేం ఎవరికి రాశామో ఆ అధ్యక్షుడు గడువు ముగిసి వెళ్లిపోయాడు, కొత్తగా వచ్చినవారికి ఆ ఫైలు సంగతి ఎవరూ చెప్పలేదు. పదవీకాలానికి హద్దు ఉండాలని అప్పటిదాకా గట్టిగా వాదించినవాణ్ని. ఆరోజు నాకు తెలిసింది, హద్దు సగమే. దిగేవాడు ఎక్కేవాడికి లెక్క ఒప్పజెప్పడం మిగతా సగం. మన పల్లెల్లో జాతర అయ్యాక చందాల లెక్క గుడి ముందు చదవకపోతే మరుసటి ఏడు రూపాయి రాలదు. ఆ పాటి పద్ధతి ఒక చట్టబద్ధమైన మండలికి లేకపోవడం ఏమిటి?

న్యాయవాదుల సంగతి వేరుగా లేదు. 1961 అడ్వకేట్ల చట్టం ప్రకారం రాష్ట్ర బార్ కౌన్సిల్ గడువు అయిదేళ్లు, తప్పనిసరైతే మరో ఆరు నెలలు. 2018లో ఎన్నికైన కౌన్సిళ్లు డిగ్రీల పరిశీలన పూర్తి కాలేదన్న కారణం మీద ఏళ్ల తరబడి కొనసాగాయి. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు గడువు పెట్టి, ఎన్నికలు జరపండని ఆదేశించవలసి వచ్చింది. చట్టం చదివి సన్నదు తీసుకున్నవారి సభకే చట్టంలోని గడువును కోర్టు గుర్తుచేయడం విచారకరం. ఎన్నికల ఆలస్యం డాక్టర్ల దగ్గరా ఉంది: తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కు రాష్ట్రం వచ్చాక మొదటి ఎన్నిక 2023 చివర్లో గానీ జరగలేదు.

చార్టర్డ్ అకౌంటెంట్లు కొంత మేలు. వరుసగా మూడు కాలాలకు మించి కౌన్సిల్‌లో ఉండకూడదని 2006లో వాళ్ల చట్టంలో చేరింది. అధ్యక్షుడిగా పనిచేసినవారు మళ్లీ కౌన్సిల్‌కు పోటీ చేయలేరు. అయినా 2009 జనవరి 7న హైదరాబాదులో సత్యం కంపెనీ లెక్కల గుట్టు బద్దలైంది. 2018లో పెద్ద కంపెనీల ఆడిటర్ల మీద విచారణ అధికారం జాతీయ ఆర్థిక నివేదన ప్రాధికార సంస్థ చేతికి వెళ్లింది. తనవాళ్లను సకాలంలో అడగలేని వృత్తి, ఆ అడిగే అధికారాన్నే పోగొట్టుకుంటుంది.

చరిత్ర విద్యార్థులు ఈ సభలో ఉన్నారు గనుక ఒక శాసనం గుర్తుచేస్తాను. తమిళనాడులో కాంచీపురం దగ్గర ఉత్తరమేరూరు ఆలయ గోడ మీద మొదటి పరాంతక చోళుడి కాలపు శాసనాలున్నాయి. 921 నాటి దానిలో ఊరి కమిటీల సభ్యులను కుండలో చీటీలు వేసి ఎన్నుకునే పద్ధతి చెక్కి ఉంది. సభ్యత్వం ఒక్క ఏడాది. గత మూడేళ్లలో ఏదో ఒక కమిటీలో ఉన్నవాడి పేరు చీటీ మీద రాయకూడదు. వయసు ముప్పై అయిదు దాటి డెబ్బై లోపు ఉండాలి. కమిటీలో ఉండి లెక్క అప్పజెప్పనివాడూ, అతని బంధువులూ కుండ దగ్గరికే రాకూడదు. మహిళలకు, చాలా కులాలకు చోటు లేని సభ అది, దాన్ని ఆదర్శమని నేను పొగడను. కానీ గడువును, లెక్కను ఒకే గోడ మీద పక్కపక్కన చెక్కినవాళ్ల బుద్ధిని గౌరవిస్తాను. డెబ్బై ఏళ్ల హద్దు వెయ్యి సంవత్సరాల తర్వాత మన చట్టంలోకి వచ్చింది. చేసిన పనికి లెక్క ఇంకా రాలేదు.

అనుభవజ్ఞులను పంపేస్తే మండలి నడిచేదెలా అన్న అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోను. అందరూ ఒకేసారి దిగిపోతే కొత్తవాళ్లు ఆఫీసు సిబ్బంది చెప్పినట్టు వినవలసి వస్తుంది, అప్పుడు అసలు అధికారం ఎన్నిక కాని చేతుల్లోకి పోతుంది. మూడో వంతు సభ్యులు విడతల వారీగా మారితే ఆ భయం ఉండదు. సభ్యులందరినీ ప్రభుత్వమే నియమించడం కూడా నాకు సమ్మతం కాదు. అప్పుడు వాళ్లు ఢిల్లీకి జవాబు చెబుతారు, కోసిగికి చెప్పరు. బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్ సభ్యులు పన్నెండు మంది, వారిలో ఆరుగురు డాక్టర్లు కానివారు. మన రాష్ట్ర కౌన్సిల్‌లో సగం అడగను. రోగుల తరఫున మాట్లాడే నలుగురైనా ఉంటే చాలు.

ఈ సాయంత్రం తీర్మానాల సమయంలో సభ ముందు ఒకటి పెడుతున్నాను. రాష్ట్రంలోని ఏ వృత్తి మండలిలోనైనా ఎవరూ జీవితంలో రెండు కాలాలకు మించి ఉండకూడదు. గడువు ముగిసిన రోజే సభ్యత్వం ముగియాలి, ‘తర్వాతివారు వచ్చే దాకా’ అన్న మాట తీసేయాలి. ఫిర్యాదుదారుకూ అప్పీలు హక్కు ఉండాలి. ఏటా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని ఆరు నెలల్లో తేలాయి, ఎన్ని మిగిలాయి అన్న లెక్కను తెలుగులో ప్రచురించాలి. దిగిపోయే అధ్యక్షుడు మిగిలిన ఫైళ్ల జాబితా మీద సంతకం చేసి కొత్తవారి చేతికివ్వాలి. సభ ఒప్పుకుంటే దీన్ని రాష్ట్ర ప్రభుత్వానికి, శాసనసభ్యులకు పంపుదాం. మొదటి సంతకం నాది. రెండోది ఈ ఊరి నుంచి సుగ్గికి పోయివచ్చిన ఒక అమ్మది కావాలని నా ప్రార్థన.