అరచేతికి అందు అయస్కాంతశక్తి

శ్రీకూర్మమున కూర్మనాథస్వామి యాలయములో పెంచబడు నక్షత్ర తాబేళ్లను మీలో పెక్కురు చూచియుందురు. తాబేటి చిప్ప యెంత గట్టిదైనను, దాని ద్వారా తాబేటికి స్పర్శ తెలియును. అట్లే గట్టి పరికరము ద్వారా మన చేతికి స్పర్శ నందించు విద్య యొకటి గలదు. దానిని గూర్చి నేడు మనవి చేసెదను.

మన మనుమలు తెరమీది బొమ్మలను నడిపించుటకు చేత పట్టు పరికరము నెఱుంగుదురు గదా. 1997లో జపాను దేశపు నింటెండో సంస్థవారు చిన్న మోటారు ఇరుసునకు ఒకవైపున బరువు బిగించి త్రిప్పి, ఆ పరికరమునకు వణకు కల్పించిరి. 2020లో సోనీ సంస్థవారు వెలువరించిన పరికరములో పద్ధతి వేఱు. అందు అయస్కాంతము చెంత తీగచుట్ట యుండును. విద్యుత్తు ప్రవహింపగా రెంటికిని నడుమ త్రోపు పుట్టును; ప్రవాహము దిశ మాఱగా కదలిక యెదురువైపునకు మాఱును. ఈ కదలికల భేదముచేత, బొమ్మ ఇసుకపై నడచిన వేళ ఒక తీరుగను, గట్టినేలపై నడచిన వేళ వేఱొక తీరుగను చేతికి తోచును.

ఇది మనకు క్రొత్త కాదు. నా మాటను మీకు వినిపించుచున్న రేడియోలోను తీగచుట్టయు, అయస్కాంతమును గలవు. అచట కాగితపు గరాటు కదలి శబ్దమగును. ఇచట బరువు కదలి స్పర్శయగును. విద్యుత్ప్రవాహము అయస్కాంతపు సూదిని కదల్చునని 1820లోనే డెన్మార్కు పండితుడు ఊర్‌స్టెడ్ కనుగొనెను.

ఇది పిల్లల యాటకు మాత్రమే యనుకొనవలదు. వినికిడి తగ్గిన నాబోటివారికి జేబులోని ఫోను అదరియే బిడ్డల పిలుపును తెలుపుచున్నది. కావున మనుమని నిందించుటకు ముందు, ఆ పరికరమును ఒకమాఱు మీ చేత పట్టి చూడుడు. అది పనిచేయు విధమును వానికి మీరే చెప్పవచ్చును.