దిద్దిన తప్పు తిరిగి రాకుండా



మనం రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలర్. అది పొరబడితే, ప్రోగ్రాము సరిగ్గా ఉన్నా ఫలితం తప్పుతుంది. 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ విడుదల చేసిన జీసీసీ కంపైలర్‌ను నేటికీ ఎందరో బాగుచేస్తూనే ఉన్నారు. మైపాడు తీరంలో వేట నుంచి వచ్చాక వల బాగుచేసుకున్నట్టే, ఈ పనికీ ముగింపు లేదు.

అక్కడొక మంచి పద్ధతి ఉంది. తప్పు దిద్దినప్పుడు, దాన్ని బయటపెట్టిన చిన్న ప్రోగ్రామును పరీక్షల్లో చేరుస్తారు. తర్వాత మార్పులు చేసినప్పుడు ఆ పరీక్షలు మళ్లీ నడుపుతారు. పాత తప్పు తిరిగొస్తే దొరికిపోతుంది.

దీని మూలం ఎవరైనా చూడొచ్చు. తప్పు ఎప్పుడు, ఎలా వస్తోందో స్పష్టంగా రాసి పంపితే సగం పని అయినట్టే. కంప్యూటర్ రంగంలో ఉన్న మనం నెలకో పూట వచ్చి, బడి పిల్లలకు ఆ రాయడం నేర్పుదాం.