ఆరుటలోని రెండు ప్రయాణములు

తడిసిన వస్తువు ఎండకు ఆరుట మనము నిత్యము చూచునదే. ఆ సమయమున రెండు ప్రయాణములు ఒకేసారి జరుగుచుండును. ఎండనుండియు గాలినుండియు వేడిమి వస్తువులోనికి వచ్చును. వస్తువులోని నీరు ఆవిరియై గాలిలో కలియును. ఈ రెండింటికిని వాకిలి వస్తువు పైపొరయే. ఒక కిలో నీరు ఎండలో ఆవిరి యగుటకు ఇంచుమించు 580 కిలోకేలరీల వేడిమి కావలయును. అంత వేడిమితో 20 డిగ్రీలనున్న నీటిని ఏడు కిలోలవరకు కాచి మరుగు స్థితికి తేవచ్చును.

రాకపోకలు రెండును పొందికగా సాగినప్పుడే వస్తువు చెడక ఆరును. సిరిసిల్ల నేతపనిలో పడుగు నూలుకు గంజి పట్టించి ఆరబెట్టుట కలదు. తడి మిగిలినచో పోగులు ఒకదానికొకటి అంటుకొనును. మితిమీరి ఆరినచో గంజిపొర పెళుసై మగ్గముపై పోగు తెగును. జగిత్యాల, కోరుట్ల ప్రాంతముల రైతులు పసుపును ముందు ఉడికించి, పిమ్మట రెండు వారములవరకు ఎండబెట్టుదురు. ఉడికిన కొమ్ము అంతటను సమముగ ఆరును. బాగుగ ఆరిన కొమ్మును విరిచినచో లోహము మ్రోగినట్లు ధ్వనించును.

ఇక వరి సంగతి. గింజ పైభాగమునందలి నీరు త్వరగా పోవును. నడుమనున్న నీరు మెల్లగా పైకి రావలయును. ఎండ తీవ్రమైనచో పైపొర ముందే ఆరి ముడుచుకొనును, లోపలిభాగము ఉబ్బియే యుండును. ఈ పెనుగులాటలో గింజ పగులును. ఆరిన గింజపై మంచుగాని వానగాని పడినను ఇట్టి పగుళ్లే ఏర్పడును. అవి పైకి కనబడవు. మరపట్టినప్పుడు నూకగా బయటపడును. యాసంగి కోతల కాలమగు ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలు దాటుచుండును గనుక ఆ ధాన్యమున నూక మెండు. నానబెట్టి ఆవిరిపై ఉడికించినచో గింజలోని పిండిపదార్థము మెత్తబడి పగుళ్లను అతుకును. అదియే ఉప్పుడు బియ్యము. 2021-22లో ఆ బియ్యపు కొనుగోలును గూర్చి తెలంగాణ, కేంద్ర ప్రభుత్వముల నడుమ చెలరేగిన వివాదమునకు మూలమున నున్నది కంటికి కనబడని ఈ పగులే.

కొనుగోలు కేంద్రమున తేమ 17 శాతము మించరాదను నియమము కలదు. అందుచేత రైతు తొందరపడుట సహజము. అయినను ధాన్యమును పలుచగా పరచి తరచుగా తిరుగవేయవలయును. ఎండ మండు వేళ కుప్పచేసి కప్పినచో లోపలి తేమ నెమ్మదిగా పైకి చేరి గింజ అంతటను సమమగును. రాత్రివేళ మంచు సోకకుండ టార్పాలిను కప్పుట మరువరాదు. నీటికి బయటికి వచ్చు వ్యవధి నిచ్చినచో గింజ గింజగానే మిగులును. రైతు శ్రమకు తగిన వెల దక్కును.