మట్టి పరీక్ష, మనిషి పరీక్ష

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను సివిల్ ఇంజనీరును. మన కోడుమూరు నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే పునాది తీసేముందు మట్టి పరీక్ష చేయిస్తాం. ఊరి పేరు చూసి నేల ఏ రకమో ఎవరూ రాయరు.

మనుషులకూ ఇలాంటి పరీక్షలున్నాయి. అమెరికాలో హాథవే, మెకిన్లీ అనేవారు 1943లో ఎం.ఎం.పి.ఐ. అనే వ్యక్తిత్వ పరీక్షను ప్రచురించారు. అందులో ఐదు వందలకు పైగా వాక్యాలుంటాయి. ఒక్కోదానికి నిజమో కాదో గుర్తు పెట్టాలి. 1970లలో ఎడ్విన్ మెగార్గీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్లోరిడాలోని టలహాసీ జైల్లో ఖైదీల జవాబుల తీరును బట్టి పది రకాలు గుర్తించాడు. ఎవరిని ఎక్కడ ఉంచాలి, ఎవరికి ఏ సాయం కావాలి అని తేల్చడానికే ఇది. ఆ రకాలకు ఏబుల్, బేకర్, చార్లీ అని ఏ మచ్చా లేని పేర్లు పెట్టాడు. మనిషి మారితే మళ్ళీ పరీక్షించి రకం మార్చవచ్చు.

మన దగ్గర అంత శ్రమ పడలేదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. పరీక్ష లేదు, పుట్టుకే రుజువు. ఎరుకల కుటుంబాలను నమోదు చేసి, వేలిముద్రలు తీసుకుని, సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా ఏర్పడిందే. 1952కల్లా దేశమంతటా ఆ చట్టం రద్దయింది. కానీ మా ఇండ్లలో మాటలు రద్దు కాలేదు.

తొమ్మిదో తరగతిలో నా జామెట్రీ బాక్సు పోయింది. సారు అడగకముందే నేను ఒక పేరు చెప్పాను. వాడు నా వెనక బెంచీలో కూర్చునే ఎరుకల పిల్లోడు. నేను చూసిందేమీ లేదు. "నువ్వు చూశావా?" అని సారు అడిగితే తల దించుకున్నాను. వాడు ఏమీ అనలేదు. తన సంచి తెచ్చి, నా ముందు బోర్లించాడు. రెండు నోటుబుక్కులు, ఒక సద్దిడబ్బా పడ్డాయి.

ఆ సాయంత్రం బాక్సు మా ఇంటి గూట్లోనే దొరికింది. సారుకు చెప్పలేదు. వాడికీ చెప్పలేదు. ఎండాకాలం సెలవుల తర్వాత వాడు బడికి రాలేదు. నా వల్లే మానేశాడని అనలేను. నా వల్ల కాదని ఇన్నేండ్లలో ఒక్కసారీ అనుకోలేకపోయాను.

ఈ రోజు వచ్చినవారి పట్టికలో వాడి పేరు వెతికాను. లేదు. వాడెక్కడున్నాడో మీలో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి. నాకంటే ముందు మీకే కనబడితే, బాక్సు మా ఇంట్లోనే దొరికిందని వాడికి చెప్పండి.